ఆరు సున్నాలు

ఆరు నాజిల్‌లలో ఏ ఒక్కదానిలోనూ ఒక్క మిల్లీలీటరు తేడా లేదని తేలేసరికి, తూనికలు కొలతల శాఖ ఇన్‌స్పెక్టర్ ఖమరున్నీసాకు వెన్నులో చలి పుట్టింది.

నమ్మలేక ఆరో నాజిల్‌ను ఇంకోసారి కొలిచింది. ఐదు లీటర్ల కొలపాత్రను నున్నటి రాతి పలక మీద నిలబెట్టి, మోకాళ్ళ మీద వంగి, కన్నును గాజు గొట్టం మీది గీతకు సమానంగా తెచ్చుకుంది. డీజిల్ అంచు సున్నా గీతను తాకి ఆగిపోయింది. పైకీ లేదు, కిందికీ లేదు.

వాచీ చూసుకుంది. పదకొండూ యాభై.

"ఏమైంది మేడం, పాము కనిపించిందా?" వెనకనుంచి సీఐ శ్రావణ్‌కుమార్ గొంతు.

"పామైతే నయముండె సీఐ గారూ."

"ఆరుకు ఆరూ కరెక్ట్ వచ్చినయ్. బంకు శుద్ధం. మీరు నా దొంగను విడిపించనీకె బంకును పట్టుకుందామని వచ్చిన్రు, ఆఖరికి బంకుకు మీరే సర్టిఫికెట్ ఇచ్చిన్రు. ఇగ నేను బయల్దేరొచ్చా? నాలుగింటికి సంగారెడ్డి కోర్టుల మేజిస్ట్రేట్ ముందర నిలబెట్టాలె."

ఆయన దొంగ అంటున్న మనిషి జీపు వెనక సీట్లో, ఇద్దరు కానిస్టేబుళ్ళ మధ్య తల వంచుకుని కూర్చున్నాడు. పేరు పోచయ్య. ఊరు లక్డారం. ఇస్నాపూర్ పక్కన మందుల ముడిసరుకు తయారుచేసే కంపెనీలో ఆరేళ్ళుగా జనరేటర్ ఆపరేటర్.

సోమవారం జరిగింది ఇది. లైన్ మరమ్మతు అని ముందే చెప్పి, పొద్దున సరిగ్గా పది గంటలకు కరెంటు తీశారు. జనరేటర్ ఆన్ అయింది. అప్పటికే దాని ఖాళీ ట్యాంకులో, అరగంట ముందు ఈ బంకులో పోయించుకొచ్చిన డ్రమ్ము డీజిల్ పోసి ఉంచాడు పోచయ్య. రెండు వందల లీటర్లు. గంటకు యాభై తాగే యంత్రం అది. అంటే నాలుగు గంటలు, మధ్యాహ్నం రెండింటి దాకా ఢోకా లేదు. కానీ ఒంటిగంటా నలభై ఐదుకే అది దగ్గి, ఆగిపోయింది. కరెంటు ఒంటిగంటా యాభై రెండుకు వచ్చింది. మధ్యలో ఏడు నిమిషాలు. ఆ ఏడు నిమిషాల్లో రియాక్టర్‌లోని కవ్వం తిరగలేదు, చల్లటి నీళ్ళు పారలేదు, లోపలి సరుకు కుతకుత ఉడికి మూత లేచింది. ముందు నిలబడ్డ యాదన్న అక్కడికక్కడే చనిపోయాడు. ముప్పై ఒక్క ఏళ్ళు. చిట్కుల్‌లో కిరాయి గది.

బంకు రసీదు మీద రెండు వందల లీటర్లు అని ఉంది. సమయం తొమ్మిదీ ఇరవై నాలుగు. జనరేటర్ నడిచిన సమయాన్ని బట్టి కాలింది నూట ఎనభై ఎనిమిది. పన్నెండు లీటర్లు ఎటు పోయాయి? సీఐ లెక్క సూటిగా ఉంది: డ్రమ్ము బంకు దాటింది, కంపెనీ చేరింది, మధ్యలో ఉన్నది పోచయ్య ఒక్కడే. దొంగతనం, దానివల్ల ఒక ప్రాణం.

పోచయ్య భార్య కౌసల్య నిన్న సాయంత్రం ఖమరున్నీసా ఆఫీసుకు ఒక కాగితం పట్టుకొచ్చింది. కాగితంలో ఉన్నదానికంటే నోటితో చెప్పిన మాటే ఆమెను ఇక్కడిదాకా లాక్కొచ్చింది.

"మేడమమ్మా, ఆయన టిఫిన్ డబ్బా డీజిల్ వాసనొస్తదని దినాం మూడుసార్లు సబ్బు పెట్టి తోముత. పన్నెండు లీటర్లు ఏడ దాసినా నా ముక్కుకు తెల్వదా? బంకులనే తక్కువ పోసిండ్రేమో జెర సూడున్రి."

ఇప్పుడు చూసింది. ఆరు సున్నాలు.

"సీఐ గారూ, ఒక్క ముచ్చట చెప్పండి," అంది లేచి, మోకాళ్ళ దుమ్ము దులుపుకుంటూ. "మీ స్టేషన్ల ఆరుగురు సాక్షులను వేర్వేరుగా అడిగితే, ఆరుగురూ ఒక్క అక్షరం తేడా లేకుండా చెప్పిన్రనుకోండి. మీరేమంటరు?"

"ఎవడో నేర్పిండని అంట."

"నేను గదే అంటున్న."

శ్రావణ్‌కుమార్ నవ్వు ఆగింది. కానీ ఆయన వెనక్కి తగ్గలేదు. "సాక్షులు మనుషులు మేడం. ఇవి మిషన్లు. మిషను కరెక్టుంటే గూడ తప్పేనా?"

"ఐదు లీటర్లకు పాతిక మిల్లీలీటర్ల తేడా దాకా మా రూలు ఊకుంటది. ఎందుకో తెలుసా? లోపల గేర్లు అరుగుతయి, రబ్బర్లు ఉబ్బుతయి. ఒకటి నాలుగు ఎక్కువ పోస్తది, ఒకటి పదకొండు తక్కువ పోస్తది. ఇరవై ఏడేండ్ల నౌకరీల ఒక్క బంకుల రెండు సున్నాలు ఒకేసారి చూడలే నేను. ఇక్కడ ఆరు. అదీ సీల్ వేసి ఎనిమిది నెలలైనంక."

"కోర్టుల ఇది చెప్తే జడ్జి గారు నవ్వుతరు. కరెక్టున్నది గనక అనుమానం అని!"

"మూడింటి దాకా ఆగండి. పోచయ్యతోని రెండు మాటలు మాట్లాడనీయండి."

"మూడు దాటితే ఒక్క నిమిషం ఆగ," అని ఆయన గాలి మిషన్ దగ్గరి నీడలోకి వెళ్ళి ఫోన్ తీశాడు.

పోచయ్య పెదాలు ఎండిపోయి ఉన్నాయి. ఖమరున్నీసా తన నీళ్ళ సీసా అందించింది. తాగలేదు, చేతిలో పట్టుకుని కూర్చున్నాడు.

"పోచయ్యా, ఆరేండ్లల్ల ఎన్నిసార్లు డ్రమ్ము తెచ్చినవ్?"

"లెక్కెవరు వెట్టిండ్రు మేడం. ఎండకాలమైతే వారంల రెండు."

"ఎప్పుడన్న ఇట్ల ముందే అయిపోయిందా?"

"ఒక్కపారి గూడ కాలే. నాలుగు గంటలంటే నాలుగు గంటలే. గడియారం పెట్టుకోవచ్చు." చేతిలోని సీసాను కింద పెట్టాడు. "యాదన్న నా పక్కనే బువ్వ తింటుండె మేడం. నేనెట్ల..."

"ఆ దినం ఏమన్న తేడా జరిగిందా? ఎంత చిన్నదైనా."

పోచయ్య ఆలోచించాడు. "ఏం లే. లేటైంది. అంతే. ఎప్పుడు ఆరున్నరకే వచ్చి పోయించుకపోత. ఆ దినం కంపెనీ టెంపో నైట్ షిఫ్ట్ ఆడోళ్ళను దింపనీకె కిష్టారెడ్డిపేట పోయి పంచరైంది. అది వచ్చేసరికి తొమ్మిది దాటింది."

"డ్రమ్ముల కడ్డీ పెట్టి చూడలేదా?"

"మీటర్ల రెండొందలు అని ఎర్రగ కనవడ్తుంటే కడ్డీ ఎవలు వెడ్తరు మేడం?"

నిజమే. ఎవరు పెడతారు? ఆ ఎర్రటి అంకెల మీద మనిషికుండే నమ్మకం మీదే తన శాఖ మొత్తం నిలబడి ఉందని ఖమరున్నీసాకు ఒక్క క్షణం తోచింది. ఆరున్నరకు పోయిస్తే సరిపోయిన డీజిల్, తొమ్మిదీ ఇరవై నాలుగుకు పోయిస్తే పన్నెండు లీటర్లు తగ్గింది. అదే బంకు, అదే నాజిల్, అదే డ్రమ్ము.

ఆమె తిరిగి ఆరో నాజిల్ దగ్గరికి నడిచింది. అక్కడ డీజిల్ కొట్టే బీరమ్మ ఒక టాటా ఏస్‌ను పంపించి, గుడ్డతో చేతులు తుడుచుకుంటోంది. నలభై దాటిన మనిషి, ఈ బంకులోనే ఐదేళ్ళుగా పనిచేస్తోంది.

"బీరమ్మా, పొద్దున ఎన్నింటికి తెరుస్తరు?"

"ఆరింటికమ్మా. నేనే తెరుస్త."

"తెరవంగనే గిరాకీ ఉంటదా?"

బీరమ్మ పకపకా నవ్వింది. "అయ్యో, ఆరింటికొచ్చి సూడున్రి, జాతరుంటది! ఏడు సీట్ల ఆటోలోళ్ళు, ట్రాలీలోళ్ళు, గల్ల ఎగరేసుకుంట లైన్ కడ్తరు. పొద్దుగాల డీజిల్ సల్లగుంటదంట, సల్లగుంటే సిక్కగుంటదంట, మైలేజ్ ఎక్కువస్తదంట. ఒకనికొకడు సెప్పుకున్నరు. ఏడైతే సాలు, ఒక్కడుండడు. ఎండొచ్చింది, ఇగ లాసే అంటరు."

"అన్ని బంకులల్ల గట్లనే కడ్తరా?"

"ఏడ? ఎదురుంగ బంకు సూడున్రి, పొద్దుగాల ఈగలు కొట్టుకుంటరు. మా దగ్గరనే ఈ పిచ్చి."

ఖమరున్నీసా కాళ్ళ కింద నేల వైపు చూసింది. ఆ సిమెంటు కింద, పది అడుగుల లోతులో ట్యాంకు. అక్కడికి సూర్యుడు పోడు. ఆరింటికీ ఏడింటికీ మధ్య ఆ డీజిల్ వేడిలో పిసరంత తేడా కూడా రాదు. ఆటోవాళ్ళు చెప్పే కారణం తప్పు. కానీ వాళ్ళ మైలేజ్ నిజం. పుస్తకం చదవని వందమంది డ్రైవర్లు, ఏ కొలపాత్రా లేకుండా, బండి నడిచిన దూరంతోనే ఒక నేరాన్ని కనిపెట్టారు. అది నేరమని మాత్రం వాళ్ళకు తెలియదు.

"ఆరింటికి తెరవంగనే మొదలు ఏం చేస్తవ్ బీరమ్మా?"

"ఏమున్నది, రోజూ చేసేదే. అన్ని నాజిల్‌లల్ల ఐదు లీటర్ల డబ్బా పట్టి చూస్త. కరెక్టున్నదని బుక్కుల రాస్త. మల్ల ట్యాంకుల పోస్త. అదైనంకనే అమ్ముడు. రూలు గద."

"అటెనుక మధ్యల ఎవరన్న సరిగ్గ ఐదు లీటర్లు పోయించుకుంటరా?"

"మనోళ్ళు లీటర్లల్ల ఎవలడుగుతరమ్మా! రెండొందలది కొట్టు, ఐదొందలది కొట్టు అంటరు. ఐదు లీటర్లని అడిగేది మీరొక్కలే."

ఆ మాటతో ఖమరున్నీసా మళ్ళీ ఆరో నాజిల్ వైపు తిరిగింది.

ఐదు లీటర్లు అడిగేది తను ఒక్కతే. ఆ సంగతి ఈ యంత్రానికి తెలుసు.

పన్నెండూ ఐదు. ఆమె శ్రావణ్‌కుమార్ దగ్గరికి వెళ్ళింది. "సీఐ గారూ, పన్నెండూ యాభై దాకా ఆరో నాజిల్‌ను ఎవరూ ముట్టొద్దు. ఆ తర్వాత ఇంకొక్క కొలత."

"మల్లనా? ఏం మారుతది? మంత్రం చదువుతరా?"

"గంట నిండనీయండి. నేను ఆఖరుసారి ఐదు లీటర్లు కొలిచింది పదకొండూ యాభైకి."

ఆయన ఆమెను ఎగాదిగా చూసి, తన వాచీ చూసుకున్నాడు. మనిషి మొండివాడే గాని గడియారం మాట వినేవాడు. ఆమె ఒక నంబరుకు ఫోన్ చేసి, బంకు మిషన్ విప్పాలి, రెండింటికల్లా రమ్మని చెప్పింది. పంపు విప్పాలంటే లైసెన్సు ఉన్న మెకానిక్ ఉండాల్సిందే.

పన్నెండూ యాభై ఐదుకు తన జీపులోంచి ఇరవై లీటర్ల కొలపాత్ర దింపించింది. దాన్ని మామూలుగా ఎవరూ బయటికి తీయరు. బరువు, వంచడం కష్టం. తనిఖీ అంటే ఐదు లీటర్లే. నలభై ఏళ్ళుగా అదే వాడుక.

"బీరమ్మా, ఇరవై నొక్కు. మధ్యల ఆపకు."

డీజిల్ నురగతో దూకింది. ఎర్రటి అంకెలు పరుగెత్తి ఇరవై దగ్గర ఆగాయి. శ్రావణ్‌కుమార్ వంగి గాజు గొట్టంలోకి చూశాడు.

"ఏం కనిపిస్తలేదే?"

"కనిపించదు. గాజు దాకా రాలేదు."

ఆమె చిన్న కొలపాత్రతో పైనుంచి పోయడం మొదలుపెట్టింది. ఒక లీటరు పోసింది. గీత అందలేదు. వంద మిల్లీలీటర్లు. అందలేదు. ఇంకో వంద. డీజిల్ మెల్లగా గాజులోకి ఎక్కి, సున్నా గీతను ముద్దాడి ఆగింది.

"లీటరున్నర గాదు, లీటరు గాదు," అంది. "సరిగ్గ లీటరూ రెండొందలు తక్కువ."

సీఐ పెదాలు కదిలాయి. లెక్క వేసుకుంటున్నాడు. ఇరవైకి లీటరూ రెండొందలు. రెండు వందలకు... "పన్నెండు," అన్నాడు, ఎవరో ఆయన చేత అనిపించినట్టు. జీపు వైపు ఒకసారి చూశాడు.

"ఆగండి. అసలుది ఇప్పుడు చూడండి."

ఆమె ఐదు లీటర్ల పాత్ర తెచ్చింది. అదే నాజిల్. బీరమ్మ ఐదు నొక్కింది. డీజిల్ నిండి, కుదురుకుని, గీత మీద ఆగింది. సున్నా.

తర్వాత ఇరవై లీటర్ల పాత్రను పూర్తిగా వంచి, చుక్కలు కారేదాకా అర నిమిషం ఆగి, మళ్ళీ నాజిల్ కింద పెట్టింది.

"ఇరవై నొక్కు బీరమ్మా."

ఈసారి డీజిల్ తనంతట తానే గాజులోకి ఎక్కింది. గీత దగ్గర ఆగింది. ఒక్క చుక్క పోయాల్సిన పని లేకుండా, నిండు ఇరవై లీటర్లు.

బీరమ్మ నాజిల్‌ను చేతిలో పట్టుకుని, అది ఊపిరి తీస్తుందేమో అన్నట్టు చూస్తోంది. రెండు నిమిషాల కిందట నిలువునా దోచుకున్న యంత్రం, ఐదు లీటర్లు అడగ్గానే అధికారిని గుర్తుపట్టి, వాళ్ళ కళ్ళముందే నిజాయితీగా మారిపోయింది. ఇంకో గంట అది అబద్ధం ఆడదు. తనిఖీకి వచ్చినవాళ్ళు వెళ్ళిపోయేదాకా ఆడదు. పొద్దున బీరమ్మ రూలు ప్రకారం డబ్బా పట్టడం వల్ల ఆరింటినుంచి ఏడింటిదాకా ఆడదు. ఆటోవాళ్ళ చల్లటి డీజిల్ అదే. ఇన్నాళ్ళూ పోచయ్యకు సరిపోయిన డ్రమ్ము అదే.

"యా అల్లా," అంది ఖమరున్నీసా నెమ్మదిగా. కోపం రావాల్సిన చోట ఆమెకు ముందు వచ్చింది ఆశ్చర్యం. దొంగ చిప్‌లు ఎన్నో చూసింది. రిమోట్ నొక్కితే పనిచేసేవి, స్విచ్ వేస్తే పనిచేసేవి. అన్నిటికీ ఒక మనిషి కాపలా ఉండాలి. దీనికి ఎవరూ అక్కర్లేదు. పట్టుకోవడానికి వచ్చినవాడి అలవాటునే ఇది తన తాళంచెవి చేసుకుంది.

శ్రావణ్‌కుమార్ తేరుకున్నాడు. తేరుకోగానే పోలీసు అయ్యాడు. "ఓనర్ ఏడి?"

క్యాబిన్లో కూర్చున్న మధుబాబు బయటికొచ్చేసరికి ముఖం పాలిపోయి ఉంది. మాట మాత్రం తడబడలేదు. "సార్, మిషన్ మీద సీల్ ఉంది. తెంపినట్టుందేమో చూసుకోండి. సీలు నాది కాదు. మేడం వేసింది."

సీఐ టార్చ్ వేసి చూశాడు. సన్నటి తీగ, దాని ముడి మీద నొక్కిన సీసపు ముద్ర. ఫిబ్రవరి నాటిది. చెక్కుచెదరలేదు.

ఆయన నిదానంగా ఖమరున్నీసా వైపు తిరిగాడు. "మేడం. సీల్ మీదే."

"నాదే."

"అంటే సీల్ వెయ్యకముందే లోపల పెట్టిన్రు. మీరు కొలిచిన్రు, కరెక్టన్నరు, మీ చేతులతోని ముద్ర కొట్టి దొంగను లోపల పెట్టి తాళమేసిన్రు. పొద్దున్నించి నా దొంగ దొంగ కాదంటున్నరు. ఇప్పుడు చెప్పండి, నేను మీ స్టేట్‌మెంట్ తీసుకోవద్దా?"

"తీసుకోండి. మొదటి పేరు నాదే రాయండి." అంది ఖమరున్నీసా. "రెండోది నేను చెప్త."

"ఎవరిది?"

"దొంగెవరైనా యంత్రానికి అబద్ధం నేర్పుతడు. కానీ ఐదు లీటర్లకు ఐదో, తొమ్మిదో మిల్లీలీటర్ల తేడా ఉంచుతడు. అట్ల ఉంచితేనే మామూలుగా కనిపిస్తది, ఎవరికీ అనుమానం రాదు. వీడు ఉంచలే. ఉంచలేకపోయిండు. ఆరుకు ఆరూ సున్నాలే పెట్టిండు. తప్పు కొలత చూస్తే నిద్రపట్టని మనిషి ఈ పటాన్‌చెరు, సంగారెడ్డి మధ్య ఒక్కడే ఉన్నడు సీఐ గారూ. ఆయన వచ్చేదాకా మీరెవ్వరూ మాట్లాడొద్దు. ఇరవై లీటర్ల పాత్ర జీపుల పెట్టేయండి."

రెండుకు ఐదు నిమిషాలు ఉందనగా ఒక పాత మోపెడ్ బంకులోకి వచ్చి ఆగింది. దిగినాయనకు అరవై ఆరేళ్ళు. ఇస్త్రీ చొక్కా, జేబుకు రెండు పెన్నులు, చేతిలో తోలు సంచి. దశరథ్. నలభై ఏళ్ళుగా ఈ ప్రాంతంలో బంకుల పంపులు బాగుచేసే లైసెన్సు మెకానిక్. ఇరవై ఏడేళ్ళ కిందట కొత్తగా ఉద్యోగంలో చేరిన ఖమరున్నీసాను కొలపాత్ర ముందు కూర్చోబెట్టి, 'కన్ను గీతకు సమానంగా ఉండాలె బిడ్డా, పైనుంచి చూస్తే గీత మోసం చేస్తది' అని నేర్పింది ఈయనే.

"ఏంది బిడ్డా, ఫోన్ల అంత గాబరగున్నవ్?"

"ఏం లేదు దశరథన్నా. జనరేటర్ కేసు సంగతి విన్నవు గద. బంకు మిషన్లు కొలిచిన. ఫిబ్రవరిల మనిద్దరం సీల్ వేసినంక నువ్వు మల్ల దీన్ని ముట్టినవా?"

"లేదు. ఎనిమిది నెలలైంది. ఈ దిక్కే రాలే."

"సరే. మిగతా ఐదు నాజిల్‌లల్ల తేడా ఏం లేదు. ఈ ఆరోది మాత్రం..." ఆమె నోటు పుస్తకం తెరిచి, ఖాళీ పేజీ వైపు చూస్తూ అంది, "ఐదు లీటర్లకు ఎనిమిది మిల్లీలీటర్లు తక్కువొచ్చింది."

పక్కన శ్రావణ్‌కుమార్ ఏదో అనబోయి ఆగాడు.

ఏ మెకానిక్ అయినా ఇక్కడ భుజాలు ఎగరేసి, పాతిక లోపలే కదా అంటాడు. దశరథ్ అనలేదు. ఆయన కనుబొమ్మలు ముడిపడ్డాయి.

"రాదు," అన్నాడు.

"వచ్చింది అన్నా. ఎనిమిది."

"రాదు బిడ్డా. పాత్ర సరిగ్గ వంచలేదేమో. చుక్కలు కారనిచ్చినవా? అర నిమిషం ఆగినవా?"

"ఆగిన. రెండుసార్లు కొలిచిన. ఎనిమిదే."

"కాదు!" ముసలాయన సంచి కింద పెట్టేశాడు. మెడ నరాలు పొంగాయి. "ఆరోది సున్నా! ఈ బంకుల ఆరుకు ఆరూ సున్నా! నువ్వు పైనుంచి చూసినవ్. నీకు నేర్పిందే మర్చిపోయినవ్. తే పాత్ర, నేను చూపిస్త!"

ఖమరున్నీసా పుస్తకం మూసింది.

"ఎనిమిది నెలలాయె నువ్వు ముట్టక," అంది మెల్లగా. "లక్షల లీటర్లు దిగినయ్. గేర్లు అరిగినయ్. సున్నా ఉన్నదని నీకెట్ల తెలుసు అన్నా? అరిగినదాన్ని లోపల కూసొని అప్పటికప్పుడు సరిచేసేది ఒకటి ఉంటే తప్ప, ఏ మిషన్ అయినా సున్నా ఎట్ల చూపిస్తది?"

రోడ్డు మీద లారీలు పోతున్నాయి. దశరథ్ ఆరో నాజిల్ వైపు చూశాడు, తర్వాత ఆమె కళ్ళలోకి. అక్కడ ఆయనకు కోపం కనిపించి ఉంటే నోరు విప్పేవాడు కాదేమో.

"నువ్వు చెప్పింది అబద్ధం," అన్నాడు. "ఎనిమిది రాలేదు."

"రాలేదు. సున్నానే వచ్చింది. ఆరుకు ఆరూ. ఇరవై ఏడేండ్లల్ల అసొంటి పని నేను చూడలే అన్నా."

ముసలాయన ముఖంలో ఏదో వెలిగింది, వెంటనే ఆరిపోయింది. సంచిలోంచి చిన్న స్క్రూడ్రైవర్ తీశాడు. ఖమరున్నీసా తన ముద్రను తనే కత్తిరించింది. ఆయన పంపు తలుపు తీసి, లోపల గేర్ల చుట్లు లెక్కబెట్టి మీటర్‌కు చెప్పే డబ్బీని విప్పి, దాని అడుగునుంచి బొటనవేలి గోరంత చిప్ పలకను పట్టకారుతో పైకి తీశాడు. కంపెనీలో తయారైనట్టే ఉంది. రంగు కూడా అదే.

మధుబాబు వెనక్కి అడుగు వేశాడు. కానిస్టేబుల్ భుజం పట్టుకున్నాడు.

"ఆయన అడిగిండు," అన్నాడు దశరథ్, మధుబాబు వైపు చూడకుండానే. "ఎవ్వరికీ దొరకనిది కావాలె అన్నడు. పైసల కోసం చేసిన అంటే మీరు నమ్ముతరు సారూ, రాసుకోనీకె గూడ సులువైతది. కానీ గది గాదు. నలభై ఏండ్లు మిషన్లు సరిచేసిన. సరిగ్గ ఉన్నదాన్ని ఎవ్వడు చూడడు. ఒక్కడు శభాష్ అనలే. ఒక్కటన్న ఈ బిడ్డ కన్నును గెలిచేది చెయ్యాలె అనుకున్న. ఐదు లీటర్లు కొలిచేది మేమే గద, మేమెట్ల కొలుస్తమో, గంటల ఎట్ల వెళ్ళిపోతమో నాకన్న ఎవరికి తెలుసు? రెండేండ్లు ఇంట్ల కూసొని చేసిన. తేడా పెట్టు, అప్పుడే అనుమానం రాదు అని మనసు చెప్పింది. చెయ్యి వినలే. తప్పు కొలత పెట్టనీకె నా చెయ్యి రాదు."

ఆయన పలకను ఖమరున్నీసా అరచేతిలో పెట్టాడు. బరువే లేదు దానికి. తర్వాత జీపు వైపు నడిచి, పోచయ్య ముందు ఆగాడు. ఇద్దరిదీ ఒకే ఊరు.

"వందకు ఆరు లీటర్లు. గంతే అనుకున్న. ఆటో రెండు కిలోమీటర్లు తక్కువ నడుస్తది, వానికి తెల్వదు, ఎవ్వడు సావడు అనుకున్న. ఇదే బంకుల డ్రమ్ములు గూడ నింపుతరని, ఒక డ్రమ్ము అడుగున మనిషి ప్రాణం ఉంటదని నాకు తట్టలే. సోమవారం రాత్రి టీవీల యాదన్న ఫోటో చూపిచ్చి, నాలుగు గంటల డీజిల్ పోసిన జనరేటర్ పదిహేను నిమిషాలు ముందే ఆగింది అన్నరు. లెక్క కాయితం గూడ వెతకలే నేను. నోటితోనే కట్టిన. సరిగ్గ కుదిరింది. నా లెక్క ఎప్పుడు తప్పలే గద." శ్రావణ్‌కుమార్ వైపు తిరిగి రెండు చేతులూ ముందుకు చాపాడు. "మూడు దినాలు తెలిసి ఊకున్న. మా ఊరి పిల్లగాన్ని మీరు కొట్టుకుంట తీస్కపోతుంటే గల్లీల నిలవడి చూసిన. రాసుకోన్రి సారూ. పోచయ్య చుక్క గూడ తియ్యలే. పన్నెండు లీటర్లు నేనే తీసిన. యాదన్నను గూడ నేనే తీసిన. నాలుగింటికి కోర్టుకు నన్ను తీస్కపోన్రి, ఆ పిల్లగాన్ని ఇంటికి పంపున్రి."